తలుపు నిర్ధారణలో ఉంది

మా స్నానాల గది తలుపు గడియకి ఉన్న స్క్రూ ఊడిపోవడమూ, మా ఊళ్ళో అద్దె ఇళ్ల సామరస్య సంస్థకి రిబ్బను కత్తిరించడమూ ఒకే రోజు జరిగాయి. స్క్రూ ఒక్కరోజు ముందు ఊడినా, రిబ్బను ఒక్కరోజు ఆలస్యంగా తెగినా నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు.

పూర్వం అద్దె ఇళ్ళల్లో మరమ్మతులు ఎలా జరిగేవో ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. అద్దెకున్నవాడు మెట్లు దిగివచ్చి, ఇంటాయనతో కాసేపు ఎండల గురించీ కూరగాయల గురించీ మాట్లాడి, లేచి వెళ్ళబోతూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "అన్నట్టు, కుళాయి కారుతోందండీ" అనేవాడు. ఇంటాయన "చూద్దాం లెండి" అనేవాడు. ఆ చూడడం కొన్నాళ్ళు సాగేది. చివరికి ఇద్దరి భార్యల్లో ఎవరికి ముందు కోపం వస్తే వాళ్ళింటి తరఫున కుళాయి బాగయ్యేది. ఇందులో చట్టం లేదు, దరఖాస్తు లేదు, సామరస్యమూ పెద్దగా లేదు. కుళాయి మాత్రం కారడం మానేసేది.

ఇంత అనాగరికమైన పద్ధతి ఎంతకాలం సాగుతుంది? పైవాళ్ళు ఆలోచించి సంస్థ పెట్టారు.

మేం ఉండేది పాత పప్పుల మిల్లు వీధిలో, తాయారమ్మ గారి మేడ మీద వాటాలో. కింద ఆవిడ ఒక్కరే ఉంటారు. బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పైన నేను, నా భార్య హైమ, మా అమ్మ మాణిక్యాంబ. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. పేరు వీరభద్రం. ఈల వేస్తే ఆగాలని పిల్లలకి నేర్పుతూ నేర్పుతూ నాకే అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరు ఈల వేసినా ఆగిపోతాను.

మా స్నానాల గది వరండా చివర, డాబా మీదకి వెళ్ళే మెట్లకి ఎదురుగా ఉంటుంది. బట్టలు ఆరేసేవాళ్ళు, వడియాలు పెట్టేవాళ్ళు, నీళ్ళ ట్యాంకు చూసేవాళ్ళు అందరూ దాని ముందునుంచే వెళ్ళాలి. పైగా మా మేడకి గోదావరి గాలి బాగా తగులుతుంది. అద్దెకి దిగేటప్పుడు ఆ గాలిని చూసే మురిసిపోయాం. గడియ ఒక్క స్క్రూ మీద వేలాడడం మొదలెట్టాక ఆ గాలి ఎటు వీస్తుందో తెలిసొచ్చింది.

మా అమ్మకి డెబ్భై దాటాయి. తల దువ్వుకోకుండా గుమ్మంలోకి వచ్చిన మనిషి కాదు. ఆవేళ ఆవిడ స్నానం చేస్తుండగా గాలికి తలుపు బార్లా తెరుచుకుంది. అదే సమయానికి డాబా మీదకి కేబుల్ వైరు సరిచెయ్యడానికి ఒకతను మెట్లెక్కుతున్నాడు. పాపం అతను మంచివాడే, తల దించుకుని గబగబా పైకి వెళ్ళిపోయాడు. కానీ మా అమ్మ చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక అన్నం తిననంది. హైమ ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంది.

హైమ కిందకి వెళ్ళి చెబితే తాయారమ్మ గారు నొచ్చుకున్నారు.

"అయ్యయ్యో, అక్కయ్యగారికి ఎంత కష్టం వచ్చిందమ్మా! ఒక్క స్క్రూయే కదా. కొట్లోంచి తెప్పించి సాయంత్రం నేనే బిగిస్తాను. మా ఆయన పోయినప్పట్నించీ ఈ ఇంట్లో స్క్రూలన్నీ నేను బిగించినవే."

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ ఆ మధ్యాహ్నం సంస్థ ప్రారంభోత్సవంలో మా బడి పిల్లల చేత కవాతు చేయించే బాధ్యత నాది.

కవాతు అయింది. రిబ్బను తెగింది. ప్రసంగాలయ్యాయి. నిర్ధారణాధికారి పరబ్రహ్మం గారు మైకు ముందుకొచ్చి చట్టం సారాంశం చదివారు. అద్దె ఇంట్లో చిన్న మరమ్మతు అద్దెదారు బాధ్యత. పెద్ద మరమ్మతు యజమాని బాధ్యత. ఏది చిన్న, ఏది పెద్ద అన్నది సంస్థ నిర్ధారిస్తుంది. నిర్ధారణ అయ్యేదాకా సదరు లోపాన్ని ఉభయ పక్షాలూ యథాతథంగా కాపాడవలెను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"ఇప్పుడు మన తొలి దరఖాస్తుదారును శాలువాతో సత్కరించుకుందాం" అన్నారు పరబ్రహ్మం గారు.

తొలి దరఖాస్తుదారు లేడు. ఆ సంగతి ఎవరూ ముందుగా చూసుకోలేదు. పరబ్రహ్మం గారు రెండు చేతులతో శాలువా విప్పి పట్టుకుని వేదిక మీద అలాగే నిలబడ్డారు. ఫొటోలవాళ్ళు గురి చూసుకుని ఉన్నారు. వెనకాల కుర్చీల్లో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మన దేశంలో ఒకసారి విప్పిన శాలువాని ఎవరికీ కప్పకుండా మళ్ళీ మడత పెట్టడం జరగని పని. అంత పెద్దమనిషి అలా చేతులు చాచుకుని నిలబడితే నేను చూడలేకపోయాను.

"మా ఇంట్లో గడియ ఊడిందండీ" అన్నాను.

వేదిక మీదకి లాక్కెళ్ళి కప్పేశారు. తప్పెట్లు మోగాయి. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అలా నేను తొలి దరఖాస్తుదారునయ్యాను.

ఇంటికొచ్చేసరికి తాయారమ్మ గారు ఒక చేత్తో స్క్రూ డ్రైవరు, ఇంకో చేత్తో స్క్రూ పట్టుకుని స్నానాల గది ముందు పీట వేసుకుంటున్నారు. మా అమ్మ వరండాలో కూర్చుని ఆవిడ చేతుల వంకే చూస్తోంది.

"ఆగండి పిన్నిగారూ! ముట్టుకోకండి!" అని అరిచాను.

"ఏమైంది బాబూ? కరెంటు గానీ కొడుతోందా?"

"లేదండీ. తలుపు నిర్ధారణలో ఉంది."

ఆవిడ నా మొహమూ, నా శాలువా మార్చి మార్చి చూశారు. నేను చట్టం వివరించాను. లెక్కల టీచరు కదా, శ్రద్ధగా విన్నారు.

"అంటే స్క్రూ నా చేతిలో ఉంది, గడియ నా కళ్ళ ముందుంది, తలుపు నాది. అయినా నేను బిగించకూడదు?"

"కూడదండీ. రేపు ఫొటో పేపర్లో పడుతుంది."

మా అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. హైమ ఆ రాత్రి నా కంచంలో కూర వెయ్యడం మర్చిపోయింది.

నాలుగు రోజులకి ఇద్దరికీ నోటీసులొచ్చాయి. నేను వాదిని. తాయారమ్మ గారు ప్రతివాది. నిర్ధారణ పూర్తయ్యేదాకా ఉభయ పక్షాలూ సామరస్య దూరం పాటించవలెననీ, ఒకరి వస్తువులు మరొకరు స్వీకరించుట ప్రలోభముగా పరిగణించబడుననీ అందులో ఉంది. తాయారమ్మ గారి పెరట్లో కరివేపాకు చెట్టుంది. మేం ఆ ఇంట్లో దిగినప్పట్నించీ మా పోపులో ఆ చెట్టు ఆకే. మర్నాడు పొద్దున హైమ కిందకి దిగి రెబ్బ కోస్తుంటే తాయారమ్మ గారు కిటికీలోంచి అన్నారు:

"కోసుకో అమ్మా. నేను చూడలేదు. చూస్తే ప్రలోభం అవుతుందిట."

పరిశీలనకి పరబ్రహ్మం గారు స్వయంగా వేంచేశారు. వెంట కొలతల సహాయకుడు అప్పలకొండ. అతని చేతిలో టేపు, చంకలో గొడుగు. తాయారమ్మ గారినీ మమ్మల్నీ వరండాలో చెరో పక్క నిలబెట్టారు. మధ్యలో సుద్దముక్కతో గీత గీశారు. మా అమ్మ తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది.

"చట్టంలోని నిర్వచనం మేరకు, అరచేతితో కప్పగలిగిన లోపం చిన్నది, కప్పజాలనిది పెద్దది" అన్నారు పరబ్రహ్మం గారు. "అప్పలకొండా, లోపాన్ని కప్పుము."

అప్పలకొండ స్క్రూ ఊడిన చిల్లు మీద అరచెయ్యి పెట్టాడు. చిల్లు కనబడలేదు.

"కప్పేసేనండి. చిన్నదేనండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నదైతే నా బాధ్యతే, స్క్రూ ఎలాగూ తాయారమ్మ గారి దగ్గరుంది, వీళ్ళు వీధి మలుపు తిరిగేలోగా బిగించేస్తాం అనుకున్నాను. అంతలో పరబ్రహ్మం గారు చెయ్యెత్తారు.

"తొందరపడరాదు. చిల్లు లోపం కాదు. చిల్లు కారణం. లోపం ఏమనగా, తలుపు మూసుకొనకపోవుట. తలుపు మూసుకొననప్పుడు తెరచి ఉన్న భాగం ఎంత?"

అప్పలకొండ టేపు పెట్టి కొలిచాడు. "తలుపు మొత్తం అంతానండి. మనిషికంటే పొడుగుందండి."

"దానిని కప్పుము."

అప్పలకొండ తెరిచి ఉన్న గుమ్మంలో అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పక్కలనుంచి బకెట్టు, చెంబు, సబ్బుపెట్టె, తాడు మీద మా అమ్మ తువ్వాలు అన్నీ కనిపిస్తున్నాయి.

"కప్పలేపోతన్నానండి."

"కనుక పెద్దది. అయితే కారణం చిన్నది. కారణం అద్దెదారుది, లోపం యజమానిది. ఇట్టి సందర్భం చట్టం ఊహించలేదు." ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త చుక్కని కనిపెట్టినవాడి సంతోషం అది. "దీనిని చిన్న పెద్ద మరమ్మతుగా వర్గీకరించి ఉన్నత సంఘానికి నివేదిస్తాం."

తాయారమ్మ గారు గీత అవతలనుంచి అడిగారు: "అయ్యా, ఈ లోగా ఆవిడ స్నానం ఎలా చెయ్యాలండీ?"

"ఎవరు?"

ఆవిడ కుర్చీలో ఉన్న మా అమ్మని చూపించారు. పరబ్రహ్మం గారు అప్పుడే ఆ కుర్చీలో మనిషి ఉన్నట్టు గమనించారు.

"వారు పక్షం కారు. దరఖాస్తులో వారి పేరు లేదు" అన్నారు.

గడియ లేని స్నానాల గదులకి మనవాళ్ళు ఏనాడో మార్గం కనిపెట్టారు. లోపల ఉన్న మనిషి పాడాలి. పాట వినబడుతుంటే ఎవరూ తలుపు తొయ్యరు. మేం ఆ మార్గమే పట్టాం. నేను కవాతు పాటలు పాడేవాణ్ణి. హైమకి గొంతుంది, ఆవిడ స్నానం చేస్తుంటే ఎదురింటివాళ్ళు రేడియో కట్టేసేవారు. మా అమ్మకే చిక్కొచ్చింది. నలుగురికీ వినపడేలా గొంతెత్తడం ఆవిడకి చిన్నప్పట్నించీ లేదు. అయినా మొదలెట్టింది. సన్నగా, ఆగి ఆగి, ఏదో మంగళహారతి. డాబా మీదకి వెళ్ళేవాళ్ళకి అది వినపడదేమోనని హైమ మెట్ల దగ్గర కాపలా కూర్చునేది. గాలికి తలుపు తెరుచుకోకుండా లోపల్నించి నీళ్ళ బకెట్టు అడ్డం పెట్టుకునేది మా అమ్మ. కష్టంగానే ఉన్నా రోజులు గడిచేవి.

అప్పలకొండ మళ్ళీ వచ్చాడు. యథాతథ స్థితి ఎలా ఉందో చూసి వెళ్ళడం అతని పని. అతను వచ్చినప్పుడు లోపల మా అమ్మ ఉంది, పాట సాగుతోంది. చూసి, విని, రాసుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడ ఎత్తిరాస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో చెబితే మీరు నమ్మరు.

"సదరు స్నానాల గదియందు అద్దెదారు కుటుంబీకులు గానం చేయుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. గానం వలన అన్యులు లోనికి ప్రవేశింపకున్నారు. అనగా గడియ చేయవలసిన పనిని గానం చేయుచున్నది. కావున అది గాన రూపక తాత్కాలిక మరమ్మతు అగుచున్నది. నిర్ధారణకు పూర్వమే మరమ్మతు చేయుట నేరము. బకెట్టు విషయమునను ఇదే వర్తించును. ఇందుమూలముగా గానమును, బకెట్టును తక్షణమే నిలుపుదల చేయవలెను."

నేను ఆగిపోయాను. చెప్పాను కదా, ఎవరు ఈల వేసినా ఆగిపోతాను. హైమతో, అమ్మతో ఇక పాడొద్దని చెప్పాను.

"పాడకపోతే దగ్గొచ్చా?" అని అడిగింది హైమ.

"మామూలు దగ్గయితే పరవాలేదనుకుంటాను. కావాలని దగ్గితే..."

ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. అన్న మాటలు ఇక్కడ రాయను.

తాయారమ్మ గారు ఊరుకునే మనిషి కాదు. మర్నాటి నుంచి మా అమ్మని కిందకి పిలుచుకుని తన స్నానాల గదిలో స్నానం చేయించారు. అక్కడ గడియ బిగువుగా పడుతుంది. ఆ రెండు మూడు రోజులు మా అమ్మ మొహం మళ్ళీ మామూలుగా కనబడింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, తాయారమ్మ గారిచ్చిన కాఫీ తాగి, తీరిగ్గా మెట్లెక్కి వచ్చేది. దాన్ని ఎవరో సంస్థకి చేరవేశారు. మా వీధిలో చేరవెయ్యడానికి కారణం అక్కర్లేదు. వాది తరఫు మనిషి ప్రతివాది స్నానాల గదిని వాడుకోవడం చట్టవిరుద్ధమైన రాజీ అట. సంస్థకి తెలియకుండా సామరస్యంగా ఉండడం సామరస్య సంస్థని అవమానించడమేనట. ఇది కొనసాగితే తాయారమ్మ గారి ఇల్లు మొత్తాన్ని వివాదాస్పద ఆస్తిగా ప్రకటిస్తామని రాశారు.

"ఇల్లు పోతే పోనీ, మీరు రండి అక్కయ్యగారూ" అన్నారావిడ.

"వద్దమ్మా. నా నీళ్ళ కోసం నీకు గొడవెందుకు?" అంది మా అమ్మ. కిందకి దిగడం మానేసింది.

ఆ తర్వాత ఉన్నత సంఘం కూర్చుంది. లోపం చిన్నదా పెద్దదా అని కాగితాలు చూసి తేల్చడం సాధ్యం కాదు గనక లోపాన్నే సంఘం ముందు హాజరు పరచమని ఆదేశించింది. ఒక ఆదివారం నలుగురు మనుషులొచ్చి మా స్నానాల గది తలుపుని మడతబందుల నుంచి ఊడదీశారు. తెల్ల గుడ్డ కప్పి, తాళ్ళు కట్టి, నలుగురూ నాలుగు మూలలు భుజాన వేసుకుని మెట్లు దింపారు. ముందు అప్పలకొండ గొడుగు పట్టుకుని నడిచాడు. వీధిలో కిరాణా కొట్టాయన లేచి నిలబడి చేతులు జోడించాడు.

"ఎవరండీ పోయేరు?" అని నన్ను మెల్లిగా అడిగాడు.

"తలుపండీ" అన్నాను.

ఇప్పుడు మా స్నానాల గదికి తలుపు లేదు, ఖాళీ ద్వారబంధం ఉంది. హైమ దుప్పటి కడితే అది గుడ్డ రూపక మరమ్మతు అవుతుందేమోనని నాకు భయం వేసింది. సంస్థకి రాసి అడిగాను. అవుతుందని జవాబు వచ్చింది. ఈ ఒక్క విషయంలో వాళ్ళు ఆలస్యం చెయ్యలేదు.

దుప్పటి విప్పమని నేను చెప్పినప్పుడు హైమ నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. విప్పలేదావిడ. "వచ్చి నన్ను పట్టుకెళ్ళమనండి, వాళ్ళ ఆఫీసులో అయినా తలుపులుంటాయి" అంది. గోదావరి గాలికి దుప్పటి తలుపు కంటే ఎక్కువ ఎగిరేది. మా అమ్మ దానికి పిన్నీసులు పెట్టేది, అవి ఊడిపోయేవి.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతొకటుంది. ఒక మధ్యాహ్నం ఎండలో వచ్చి మంచినీళ్ళ గ్లాసు అమ్మకి కూడా ఇస్తే వద్దంది. దాహం లేదంది. ఆ మాట ఆవిడ నోట చాలా రోజులుగా వింటున్నానని అప్పుడు తట్టింది. హైమని అడిగితే చెప్పింది: పగలు ఆ గదికి వెళ్ళాల్సిన పని పడకూడదని అమ్మ నీళ్ళు తాగడం మానేసింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను ఎండల వల్ల అనుకున్నాను. నాకు సిగ్గేసింది. డెబ్భై దాటిన మనిషి, ఇంట్లో కొడుకుండగా, కుళాయినిండా నీళ్ళుండగా, గొంతు తడుపుకోవడానికి భయపడుతోంది. పేపర్లో పడిన ఫొటోని హైమ గోడకి అంటించలేదెందుకో ఆవేళ అర్థమైంది. నేనే తీసి చింపేశాను.

అప్పటికి అమ్మ నిశ్చయించుకుంది. రామచంద్రపురంలో మా చిన్న పిన్ని ఉంది, ఆవిడ దగ్గరికి వెళ్ళిపోతానంది. "కొన్నాళ్ళే నాన్నా" అంది గానీ, చేతిసంచిలో చీరలు సర్దుకునే తీరు కొన్నాళ్ళకి సర్దుకునేలా లేదు.

ఆ ప్రయాణం రోజునే నిర్ధారణ పత్రం అందింది. ఉన్నత సంఘం కూలంకషంగా చర్చించి, లోపం చిన్నదేనని తేల్చింది. అద్దెదారు తన సొంత బాధ్యతపై స్క్రూ బిగించుకొనవచ్చును. తలుపును కార్యాలయం నుంచి తీసుకొనిపోవచ్చును. ఉభయ పక్షాలూ స్వయంగా హాజరై సామరస్యంగా కరచాలనం చేయవలెను.

"చూశావా అమ్మా, అయిపోయింది! తలుపు తెచ్చేసుకుందాం. నువ్వు వెళ్ళక్కర్లేదు" అన్నాను.

"ముందు తలుపు కనబడనీ" అంది అమ్మ. సంచి కిందపెట్టలేదు. సంస్థ ఆఫీసు నుంచి బస్టాండు దగ్గరే గనక ఆవిడా బయల్దేరింది. తాయారమ్మ గారు చీర కొంగున స్క్రూ ముడేసుకుని, స్క్రూ డ్రైవరు పట్టుకుని వచ్చారు. రిక్షాలో ఇద్దరూ కూర్చుంటే నేను సైకిలు మీద వెనకాల వెళ్ళాను. వాది, ప్రతివాది ఒకే రిక్షాలో వెళ్ళడం ఎవరైనా చూస్తారేమోనన్న భయం ఆవేళ నాకు కలగలేదు.

కార్యాలయంలో సాక్ష్యాల గది తెరిచి అప్పలకొండ వెతికాడు. లోపల కుళాయిలున్నాయి, కిటికీ రెక్కలున్నాయి, పగిలిన వాష్ బేసిన్లున్నాయి, ఎవరిదో మొత్తం వంటగట్టే ఉంది. మా తలుపు లేదు. అప్పలకొండ తల గోక్కున్నాడు, చెప్పు వంక చూసుకున్నాడు, "అయ్యగారిని అడగండి" అన్నాడు.

పరబ్రహ్మం గారి గది పెద్దది. బల్ల మీద ఫైళ్ళు, మజ్జిగ గ్లాసు. ఆయన లేచి నమస్కారం పెట్టి, సామరస్యం గురించి నాలుగు ముక్కలు మాట్లాడారు. నేను వింటున్నాను. తాయారమ్మ గారు వినడం లేదు. గది మూల వంక చూస్తున్నారు. మా అమ్మ కూడా అటే చూస్తోంది.

ఆ మూల అధికారి గారి స్నానాల గది. దానికి చిలకాకుపచ్చ రంగు తలుపు. ఆ రంగు వేసింది తాయారమ్మ గారి భర్త. కింది అంచున రంగు అయిపోతే వేరే డబ్బాలోది కలిపి వేశారు, ఆ జానెడు మేర నీలంగా ఉంటుంది. అది మా తలుపే. దానికి మాత్రం కొత్త గడియ, ఇత్తడిది, మెరుస్తోంది. నాలుగు స్క్రూలూ ఉన్నాయి.

"అది మా తలుపండీ" అన్నాను.

"సాక్ష్యాన్ని భద్రంగా ఉంచుట మా విధి" అన్నారు పరబ్రహ్మం గారు. "నేలపై పడుకోబెట్టినచో చెదలు పట్టును. తలుపునకు అత్యంత భద్రమైన స్థానం ద్వారబంధం."

"మరి గడియ బిగించారేంటండీ? నిర్ధారణకి ముందు బిగిస్తే నేరం కదా?"

"అది మరమ్మతు కాదు, సౌకర్యం. మరమ్మతునకే నిర్ధారణ కావలెను, సౌకర్యమునకు అక్కర్లేదు." గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగేసి, "ఐతే ఇప్పుడది సౌకర్యముతో కూడిన సాక్ష్యం గనుక, దానిని అప్పగించుటకు మరొక దరఖాస్తు..." అంటున్నారు.

మా అమ్మ నడిచింది. ఎవరివంకా చూడలేదు. సంచి పట్టుకుని, ఆయన బల్ల పక్కనించి, నిదానంగా ఆ మూలకి వెళ్ళింది. తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరింది. లోపలికి వెళ్ళి మూసుకుంది. ఇత్తడి గడియ పడిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"ఏమిది? ఏమిది?" అంటూ పరబ్రహ్మం గారు వెళ్ళి తలుపు తట్టారు.

"మనిషున్నారు!" అంది మా అమ్మ లోపల్నించి. జీవితంలో మొదటిసారి ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా విన్నాను.

లోపల కుళాయి తిప్పిన చప్పుడయింది. బకెట్టు నిండడం మొదలైంది.

"అప్పలకొండా! తలుపు తెరిపించుము! తొయ్యి!"

అప్పలకొండ రెండడుగులు వేసి ఆగిపోయాడు. "ఎలాగండి? తలుపు సాక్ష్యమండి. యథాతథంగా ఉంచాలండి. ముట్టుకుంటే నేరమండి."

"అది నా స్నానాల గదిరా!"

"లోపలున్నావిడ పక్షం కాదని మీరే అన్నారండి. నోటీసు ఎవరి పేర్న ఇమ్మంటారు?"

పరబ్రహ్మం గారు గ్లాసు వంక చూశారు, తలుపు వంక చూశారు. గ్లాసు ఖాళీగా ఉంది. అది ఆ పూటకి మొదటి గ్లాసు అయినట్టు లేదు. ఆయన బల్లకీ మూలకీ మధ్య తిరగడం మొదలెట్టారు. తిరిగేకొద్దీ అడుగులు చిన్నవయ్యాయి.

"ఎంతసేపు పట్టునో?" అని నన్నే అడిగారు.

"తెలీదండీ. ఆవిడ స్నానం చేసి చాలా రోజులైంది" అన్నాను.

తాయారమ్మ గారు నేనడక్కుండానే కుర్చీ లాక్కుని ఆ తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. స్క్రూ డ్రైవరు ఒళ్ళో పెట్టుకున్నారు. "అక్కయ్యగారూ, తొందర లేదు. తలారా పోసుకోండి" అన్నారు.

లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడు, నీళ్ళు ఒంటిమీంచి నేల మీదకి జారిన చప్పుడు. మళ్ళీ చెంబు. కంగారు లేదు, ఆగి ఆగి వినడం లేదు, తలుపు వంక చూడడం లేదు. అది నాకు బయటనుంచే తెలుస్తోంది. కాసేపటికి సన్నగా హారతి పాట కూడా మొదలైంది. పరబ్రహ్మం గారు కళ్ళు మూసుకుని, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఇంకో బకెట్టు కోసం మా అమ్మ కుళాయి మళ్ళీ తిప్పింది.